అద్దె ఇళ్ల సంస్థలో మ్యాపుల పని: రూలు మారినప్పుడు ముందు ఏ తలుపు తట్టాలి?

పెన్నా_గట్టు (లాంకషైర్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కొన్నేళ్లు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని చేశాను. ఎక్కువగా టెలికాం కేబుళ్లు, కరెంటు స్తంభాలు. ఇప్పుడు ఇక్కడ ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో డేటా అనలిస్టుగా చేరాను. ఈ సంస్థల గురించి తెలియనివాళ్లకి ఒక్క మాట: ఇవి లాభం కోసం పనిచేసేవి కావు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి బయటి రేటు కంటే తక్కువ అద్దెకి ఇళ్లు ఇస్తాయి. కౌన్సిల్ ఇళ్లు, ఈ ఇళ్లు కలిపి ఇక్కడ సోషల్ హౌసింగ్ అంటారు.

నా గొడవ ఇది. 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో అవాబ్ చట్టం (బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉండి చనిపోయిన పిల్లాడి పేరు మీద వచ్చింది) అమల్లోకి వచ్చింది. ఇంట్లో చెమ్మ, బూజు వల్ల ఆరోగ్యానికి పెద్ద ప్రమాదం ఉండొచ్చని తెలిస్తే, సంస్థ 10 పనిదినాల్లో వెళ్లి చూడాలి. చూసిన తర్వాత 3 పనిదినాల్లో ఏం తేలిందో రాసి ఇవ్వాలి. ప్రమాదం నిజమేనని తేలితే 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. ప్రాణం మీదికి వచ్చేదైతే 24 గంటలే. మా మేనేజర్ నన్ను పిలిచి, "నువ్వు మ్యాపుల మనిషివి కదా, దీనికొక మ్యాప్ చేసిపెట్టు" అన్నాడు. మ్యాప్ చూసి ఏం నిర్ణయిస్తారు అని అడిగితే జవాబు లేదు.

నా దగ్గర ఇళ్ల జాబితా ఒక సిస్టంలో, మరమ్మతుల ఫిర్యాదులు ఇంకోదాంట్లో, అద్దెకున్నవాళ్ల వివరాలు మూడోదాంట్లో ఉన్నాయి. ఒకే ఇంటి అడ్రసు మూడు చోట్లా మూడు రకాలుగా ఉంది. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఎక్సెల్_రావు (రీడింగ్)

మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. ఏ ఇంటి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని రోజులైంది అన్నది ఎక్సెల్‌లో సార్ట్ చేస్తే పది నిమిషాల పని. ఆ లిస్టులో పైన తేలిన ఇళ్లకి ముందు వెళ్లాలి, అంతే. మ్యాప్ అనేది బోర్డు మీటింగులో గోడ మీద వేసి "చూశారా ఎంత ఎరుపో" అనుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. పదిహేనేళ్లుగా లోకల్ గవర్నమెంట్ డేటాలో ఉన్నాను. ఇలాంటి రంగుల బొమ్మలు చాలా చూశాను.

మాంచెస్టర్_అక్క

రావు గారూ, చివరి మాటతో ఏకీభవిస్తాను. గోడ మీది బొమ్మలు నేనూ చూశాను. కానీ మొదటి మాట ఒప్పుకోను. 2013 సంగతి ఒకటి చెప్తాను, అప్పుడు నేను అద్దె వసూళ్ల టీంలో ఉన్నాను.

ఆ ఏడాది ఏప్రిల్‌లో బెడ్‌రూమ్ ట్యాక్స్ వచ్చింది. పని చేసే వయసులో ఉండి హౌసింగ్ బెనిఫిట్ (అద్దెకి ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకునేవాళ్ల ఇంట్లో ఒక పడకగది ఎక్కువుందని లెక్క తేలితే, బెనిఫిట్ కింద లెక్కలోకి తీసుకునే అద్దెలో 14 శాతం కోత. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ మిగిలితే 25 శాతం. పెన్షన్ వయసు వచ్చినవాళ్లకి వర్తించదు. 6,60,000 కుటుంబాల మీద పడుతుందని ప్రభుత్వమే ముందుగా అంచనా వేసింది. ఉద్దేశం ఏమిటంటే పెద్ద ఇంట్లో ఉన్నవాళ్లు చిన్న ఇంటికి మారితే, ఇరుకు ఇంట్లో ఉన్న పెద్ద కుటుంబానికి ఆ ఇల్లు దొరుకుతుందని. వినడానికి బాగానే ఉంది కదా?

ఎవరెవరి మీద పడుతుందో లిస్టులో తేలిపోయింది. అక్కడిదాకా మీ ఎక్సెల్ చాలు. వాళ్లందరికీ "చిన్న ఇంటికి మారే ఆలోచన చేయండి" అని ఉత్తరాలు కూడా తయారయ్యాయి. అప్పుడు మా టీంలో ఒకతను కోత పడే ఇళ్లన్నీ ఒక రంగు చుక్కలుగా, మా దగ్గరున్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లన్నీ ఇంకో రంగు చుక్కలుగా పెట్టాడు. మొదటి రంగంతా ఊరి ఒక అంచున, యుద్ధం తర్వాత కట్టిన మూడు పడకగదుల ఇళ్ల కాలనీల్లో ఉంది. రెండో రంగు టౌన్ సెంటర్‌లోని టవర్లలో, ముసలివాళ్ల కోసం ప్రత్యేకించిన బ్లాకుల్లో ఉంది. "55 ఏళ్లు దాటినవాళ్లకే" అన్న ఫ్లాట్లు తీసేయమన్నాం. రెండో రంగు దాదాపు మాయమైంది. అందులో ఆ ఏడాది ఖాళీ అయ్యే అవకాశం ఉన్నవి మాత్రమే ఉంచమన్నాం. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

మా డైరెక్టర్ ఆ తెర చూసి, ఆ ఉత్తరాలు ఆపమన్నాడు. లేని ఇంటికి మారమని ఎలా రాస్తాం? దాని బదులు ఆ కుటుంబాల తరఫున కౌన్సిల్‌లో డిస్క్రీషనరీ హౌసింగ్ పేమెంట్‌కి (తగ్గిన అద్దె సాయాన్ని పూడ్చడానికి కౌన్సిల్ తన విచక్షణతో ఇచ్చే డబ్బు) దరఖాస్తులు నింపే పని మొదలుపెట్టాం. ఎవరి మీద పడుతుందో లిస్టు చెప్పింది. వాళ్లకి వెళ్లడానికి దారి లేదని మ్యాప్ చెప్పింది.

ఎక్సెల్_రావు

అక్కా, ఇది కూడా కాలనీవారీగా ఒక పివోట్ టేబుల్ వేస్తే తెలిసిపోయేది. ఇక్కడ 300, అక్కడ 12 అని.

మాంచెస్టర్_అక్క

టేబుల్‌లో కాలువ కనపడదు కదా రావు గారూ. మా దగ్గర రెండు కాలనీలు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో కాలువ, దాని పక్కన రైలు పట్టాలు. గీత గీస్తే కిలోమీటరు కూడా ఉండదు. నడిచి వెళ్లాలంటే వంతెన చుట్టూ తిరిగి అరగంట పైనే. స్కూలు పిల్లలున్న ఒంటరి తల్లిని "పక్క కాలనీయే కదా" అని అటు మార్చేస్తే, రోజూ ఆ నడక ఎవరిది? అప్పటి నుంచి మేం తిన్నని గీత దూరం వాడటం మానేసి నడక దూరం, బస్సు దూరం వాడుతున్నాం.

ఇంకోటి. ఆ రూలులో పిల్లల వయసుల లెక్క ఉంది. పదేళ్లలోపు అబ్బాయి, అమ్మాయి ఒకే గదిలో సర్దుకోవాలి. ఇద్దరూ అబ్బాయిలో, ఇద్దరూ అమ్మాయిలో అయితే 16 వచ్చేదాకా సర్దుకోవాలి. అంటే తొమ్మిదేళ్ల అబ్బాయి, ఏడేళ్ల చెల్లెలు ఉన్న ఇంట్లో ఇవాళ ఒక గది "మిగులు". వాడికి పదో పుట్టినరోజు వచ్చిన రోజున ఆ గది మిగులు కాదు, కోత ఆగిపోతుంది. అలాంటి కుటుంబాన్ని ఇప్పుడు చిన్న ఇంటికి తోస్తే కొన్ని నెలల్లో మళ్లీ పెద్ద ఇంటి లైనులో నిలబడతారు. అందుకే మా చుక్కలకి తేదీ కూడా తగిలించాం: ఈ కోత ఎప్పటిదాకా? ఏడాదిలోపు దానంతట అదే పోయేవాళ్లకి ఇల్లు మారే మాటే ఎత్తలేదు. ఆ కొన్ని నెలలు గడిపేలా సాయం చూశాం.

సాలార్_జంగ్_గడియారం (హైదరాబాద్)

పెన్నా గట్టు బ్రో, మూడు సిస్టముల్లో మూడు అడ్రసులు అన్నావ్ చూడు, నీ అసలు పని అదే. మ్యాప్ చివర్లో వచ్చేది. ఇక్కడ కూర్చుని యూకే క్లయింట్లకి ఈ అడ్రసుల మ్యాచింగ్ చేసీ చేసీ కళ్లు కాయలు కాశాయి, కాబట్టి చెప్తున్నా.

బ్రిటన్‌లో ప్రతి చిరునామాకీ యూపీఆర్‌ఎన్ అని ఒక నంబరు ఉంటుంది, 12 అంకెల దాకా. అది పుట్టేది స్థానిక కౌన్సిల్‌లో. మూడు సిస్టముల్లోనూ ప్రతి ఇంటికీ ఆ నంబరు ఎక్కించు, మిగతాదంతా సులువు. 2020 జులై నుంచి ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వీటిని ఉచితంగా ఇస్తోంది. కానీ ఒక తిరకాసు ఉంది. ఆ ఉచిత ఫైల్లో నంబరు, దాని కోఆర్డినేట్లు ఉంటాయి, అడ్రసు ఉండదు. అడ్రసుతో సహా కావాలంటే వేరే ఉత్పత్తి, దానికి లైసెన్సు. ఇంకో దారి: ఇళ్ల ఎనర్జీ సర్టిఫికెట్ల డేటా ఓపెన్‌గా దొరుకుతుంది. అందులో అడ్రసూ ఉంటుంది, చాలావాటికి యూపీఆర్‌ఎన్ కూడా ఉంటుంది. దాంతో సగం పని గట్టెక్కుతుంది. మిగిలినదానికి మీ కౌన్సిల్‌లో అడ్రసుల రిజిస్టరు చూసే మనిషిని పట్టుకో. ప్రతి కౌన్సిల్లోనూ ఒకరుంటారు, వాళ్లని ఎవరూ పలకరించరు కాబట్టి సంతోషంగా సాయం చేస్తారు.

అసలు తలనొప్పి పాత ఇళ్లని ఫ్లాట్లుగా విడగొట్టిన చోట. "ఫ్లాట్ 3, 27", "27సి", "27/3", "27 పై అంతస్తు వెనకది". నాలుగూ ఒకటే ఇల్లు కావచ్చు, రెండు వేర్వేరు ఇళ్లూ కావచ్చు. ఫజ్జీ మ్యాచింగ్ (దగ్గరగా ఉన్న అడ్రసుల్ని కంప్యూటరే ఊహించి కలపడం) పెట్టి 95 శాతం కలిసిందని సంబరపడకు. కలవని ఆ 5 శాతంలోనే ఇలాంటి విడగొట్టిన ఇళ్లుంటాయి. చెమ్మ ఎక్కువుండేదీ వాటిలోనే.

మ్యాపుల సాఫ్ట్‌వేర్ కొనమని అడిగే ముందు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు. ఉచితం, సరిపోతుంది.

పెన్నా_గట్టు

బ్రో కాదండీ, నేను అమ్మాయిని :) కానీ ఈ సమాచారం బంగారం. సాఫ్ట్‌వేర్ అడిగే ధైర్యం ఎలాగూ లేదు, మా దగ్గర ప్రతి పౌండూ లెక్కే.

ఒక ప్రశ్న. ట్రయల్‌గా ఒక లేయర్ వేస్తే కొన్ని ఇళ్లు వంద మీటర్లు పక్కకి జరిగి పక్క వీధిలో పడుతున్నాయి. ఇంకొన్ని ఏకంగా ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతున్నాయి.

సాలార్_జంగ్_గడియారం

సారీ చెల్లీ.

సముద్రంలో తేలేవి సున్నా, సున్నా కోఆర్డినేట్లు. అంటే ఆ గడి ఖాళీగా ఉంది, ఎవరో సున్నాతో నింపేశారు. పక్క వీధిలో పడేవి వేరే జబ్బు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాడేది బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ అనే కోఆర్డినేట్ల పద్ధతి, కోడ్ 27700. సర్వేయర్లు ఫోన్లో తీసే జీపీఎస్ పాయింట్లది వేరే పద్ధతి, కోడ్ 4326. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు డేటమ్ (భూమి ఆకారానికి ఒక్కో పద్ధతి తీసుకునే ఆధారం) మార్పిడి వదిలేస్తే సరిగ్గా ఆ వంద మీటర్ల తేడానే వస్తుంది. సరైన ట్రాన్స్‌ఫర్మేషన్ ఎంచుకో, కుదురుకుంటుంది.

ఎక్సెల్_రావు

2016 నుంచి నాలుగేళ్లపాటు ఏటా 1 శాతం అద్దె తగ్గించమన్నారు, గుర్తుందా? ఆ దెబ్బకి చాలా సంస్థల్లో ముందు కోత పడింది ఇలాంటి పనుల మీదే. అంచేత "ప్రతి పౌండూ లెక్కే" అంటే నమ్ముతాను. కాలువ సంగతి కూడా ఒప్పుకుంటున్నా అక్కా. కానీ చెమ్మకి కాలువలు అడ్డం రావు. అవాబ్ చట్టానికి మ్యాప్ ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు.

టైన్_ఒడ్డు (న్యూకాజిల్)

దానికి ముందు యూనివర్సల్ క్రెడిట్ (పాత బెనిఫిట్లు చాలావాటిని కలిపి తెచ్చిన ప్రభుత్వ సాయం) సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ మ్యాప్ లేకుండా పని జరగదు.

యూనివర్సల్ క్రెడిట్ దేశమంతా ఒకేసారి రాలేదు. 2013 ఏప్రిల్ 29న ఆష్టన్ అండర్ లైన్‌లో మొదలై, ఫుల్ సర్వీసు (అన్ని రకాల దరఖాస్తులూ తీసుకునే పూర్తి పద్ధతి) ఒక్కో జాబ్‌సెంటర్‌కే (బెనిఫిట్లు చూసే ప్రభుత్వ ఆఫీసు) వస్తూ 2018 డిసెంబరుకి అన్ని చోట్లా పూర్తయింది. అద్దె డబ్బు అంతకుముందు నేరుగా సంస్థకి వచ్చేది. కొత్త పద్ధతిలో నెలకోసారి టెనెంట్ చేతికి వెళ్తుంది. మొదటి డబ్బు రావడానికి అప్పట్లో ఆరు వారాలు, 2018లో అయిదు చేశారు. అంటే ఒక ఏరియాలో ఫుల్ సర్వీసు వచ్చిన నెల నుంచి అక్కడ బకాయిలు పెరుగుతాయని ముందే తెలుసు.

తెలియనిదల్లా మన ఇళ్లు ఏ జాబ్‌సెంటర్ కిందికి వస్తాయన్నది. అది పోస్ట్‌కోడ్‌లని బట్టి ఉంటుంది. మన కాలనీ హద్దులతో దానికి సంబంధం ఉండదు. మా దగ్గర ఒకే వీధిలో సరి సంఖ్య ఇళ్లు ఒక ఆఫీసుకి, బేసి సంఖ్య ఇళ్లు ఇంకో ఆఫీసుకి వెళ్లాయి, నెలల తేడాతో. పోస్ట్‌కోడ్ జాబితాని ఇళ్ల లేయర్ మీద వేసి, నెలనెలకి ఒక రంగు ఇచ్చాం. ఆ రంగు వచ్చే నెలకి ముందే డబ్బు సలహాలిచ్చేవాళ్లని ఆ వీధుల్లోకి పంపాం. బ్యాంకు అకౌంటు లేనివాళ్లకి తెరిపించడం, ఈమెయిల్ లేనివాళ్లకి చేయించడం. ఆన్‌లైన్‌లో తప్ప దరఖాస్తు లేదు కదా.

బకాయిలు అయినా పెరిగాయి, అబద్ధం ఎందుకు. కానీ ఎక్కడ ఎప్పుడు పెరుగుతాయో తెలిసి పెరగడం వేరు.

గృహనిర్మాణం_ఏఈ (ఏలూరు, రిటైర్డ్)

చదువుతుంటే ఆసక్తిగా ఉంది. మన వైపు అనుభవం కొంచెం చెప్తాను, మోడరేటర్ గారు ఏమీ అనుకోకపోతే.

మేమూ మ్యాపులు చేశాం. ఇల్లు పునాది లెవల్‌కి వస్తే ఫోటో, గోడలు లేస్తే ఫోటో, స్లాబు పడితే ఫోటో, ప్రతిదానికీ జియోట్యాగ్. అది ఎక్కితేనే బిల్లు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ ఇళ్లకి మన బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం) వాళ్ల భువన్ మ్యాపుల పోర్టల్లోనే అవి కనపడేవి. కట్టని ఇంటికి బిల్లు లేపడం దాంతో చాలావరకు తగ్గింది. కానీ గమనించారా, మాది ఇల్లు ఉందా లేదా అని చూసే మ్యాప్. మీరు మాట్లాడుతున్నది ఇంట్లో ఉన్న మనిషికి రేపు ఏమవుతుందన్న మ్యాప్. గృహప్రవేశం తర్వాత ఆ చుక్క మొహం మేము మళ్లీ చూసింది లేదు.

అక్క చెప్పిన దూరం సంగతి మాత్రం మనకీ ఉంది. తెలంగాణలో కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీ చూడండి, ఒకేచోట 15,660 ఇళ్లు, 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడం వరకు గొప్పగా కట్టారు. కానీ లబ్ధిదారులు సిటీ లోపలి వాళ్లు. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషికి లాటరీలో ఇల్లొచ్చింది సరే, పొద్దున ఆరింటికి పనిలో ఉండాలంటే ఏ బస్సు ఎక్కాలి? కేటాయించే ముందు ఆమె పనిచేసే చోటు, బస్సు రూటు ఒక మ్యాప్ మీద పెట్టి చూస్తే ఖర్చయ్యేది ఎంత?

మోడరేటర్

ఏఈ గారూ, అభ్యంతరం ఏమీ లేదు, అవసరమైన పోలికే. ఇక్కడి నుంచి ఏ పార్టీ కట్టింది, ఏ పార్టీ ఆపింది అన్న వైపు మాత్రం వెళ్లొద్దు. రెండు పోస్టులు ఇప్పటికే తీసేశాను.

మాంచెస్టర్_అక్క

రావు గారి ప్రశ్నకి వస్తాను.

అవాబ్ ఇషాక్ రెండేళ్ల పిల్లాడు. రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉండి 2020 డిసెంబరులో చనిపోయాడు. చాలాకాలం బూజులో ఉండటం వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 2022 నవంబరులో కరోనర్ (మరణాల మీద విచారణ చేసే అధికారి) తేల్చారు. తల్లిదండ్రులు ఎప్పటి నుంచో మొత్తుకున్నారు. పెయింటు వేసుకోమన్నారు, మీ వంటలు, మీ స్నానాల పద్ధతి అన్నారు. అంతకు ఏడాది ముందే, 2021 అక్టోబరులో, హౌసింగ్ ఓంబుడ్స్‌మన్ (టెనెంట్ల ఫిర్యాదులు విచారించే అధికారి) చెమ్మ మీద రిపోర్టు ఇచ్చి, నేరం టెనెంట్ల జీవనశైలి మీదికి తోసేయడం మానండి అని చెప్పారు. అయినా ఆ మాట ఇప్పటికీ వింటుంటాం. కిటికీలు తీయండి, బట్టలు లోపల ఆరేయకండి అని.

మ్యాప్ ఇక్కడే అక్కరకొస్తుంది. ఒక ఇంట్లో బూజుంటే వాళ్ల వంట మీద పెట్టొచ్చు. ఒకే బ్లాకులో ఉత్తరం వైపు చివరి గోడ పట్టుకుని కింద నుంచి పైదాకా ప్రతి ఫ్లాట్లోనూ ఉంటే? అందరూ ఒకేలా వండుతున్నారా? అది గోడ సంగతి. మా దగ్గర ఒక బ్లాకులో ఫిర్యాదులు ఏళ్ల తరబడి విడివిడిగా వస్తున్నాయి, విడివిడిగా మూస్తున్నారు. ఒకరికి బూజు కడిగిపెట్టారు, ఒకరికి ఫ్యాన్ బిగించారు, ఒకరికి కరపత్రం ఇచ్చారు. అన్నీ ఒక బొమ్మ మీద పెట్టేసరికి ఒక నిలువు గీత తేలింది. సర్వేయరు వెళ్లి చూస్తే చివరి గోడలో సందుల సిమెంటు రాలిపోయి ఉంది.

సాలార్_జంగ్_గడియారం

అక్కా, సూపర్. కానీ పెన్నా గట్టు చెల్లికి ఒక హెచ్చరిక. మామూలు మ్యాప్ మీద ఆ నిలువు గీత కనపడదు. టవర్లో 80 ఫ్లాట్లుంటే 80 యూపీఆర్‌ఎన్‌లూ సాధారణంగా ఒకే కోఆర్డినేట్ మీద ఉంటాయి. నువ్వు చూసేది ఒక్క చుక్క. 79 దాని కింద దాక్కుంటాయి. క్యూజీఐఎస్‌లో పాయింట్ డిస్‌ప్లేస్‌మెంట్ పెడితే చుట్టూ పూలరేకుల్లా విచ్చుకుంటాయి, లెక్క తెలుస్తుంది కానీ ఏది ఏ అంతస్తో తెలియదు. బ్లాకులకి మ్యాప్ వదిలేసి నిలువుబొమ్మ గియ్యి. వరసలు అంతస్తులు, నిలువు గళ్లు ఫ్లాట్ స్థానాలు, చెమ్మ వచ్చిన గడికి రంగు. దీనికి ఎక్సెల్ చాలు, రావు గారు సంతోషిస్తారు.

ఎక్సెల్_రావు

సంతోషించాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

ఆ నిలువు గీత విషయం మాత్రం నాకు పనికొస్తుంది. మా దగ్గర ఫిర్యాదు మూసేసినప్పుడు పక్కింటి ఫిర్యాదు చూపించే పద్ధతే లేదు.

డీపీఓ_దోస్త్ (బర్మింగ్‌హామ్)

పార్టీ చెడగొట్టడానికి వచ్చాను, తప్పదు. డేటా ప్రొటెక్షన్ నా పని.

మీరు వేసే చుక్కలో ఆస్తమా ఉన్న బిడ్డ ఉన్నాడు, బకాయి ఉంది, బెనిఫిట్ ఉంది. పేరు రాయకపోయినా ఇంటి మీద చుక్క పెట్టారంటే మనిషి మీద పెట్టినట్టే. ఆరోగ్య వివరాలకి యూకే జీడీపీఆర్ (డేటా రక్షణ చట్టం) కింద ప్రత్యేక రక్షణ ఉంది. మొదలుపెట్టకముందే డీపీఐఏ (ఈ డేటా వాడకంతో మనుషులకి వచ్చే ముప్పుల్ని ముందే అంచనా వేసే పత్రం) రాయించుకోండి. ఇంటి స్థాయి మ్యాప్ ఆ ఇంటికి వెళ్లే సర్వేయరుకి, ఆఫీసరుకి మాత్రమే. బోర్డుకి, కౌన్సిలర్లకి ఇచ్చేది ఎల్‌ఎస్‌ఓఏ స్థాయిలో ఇవ్వండి. అది జనాభా లెక్కల చిన్న ఏరియా, 400 నుంచి 1,200 ఇళ్లు ఉంటాయి. అందులో కూడా మరీ చిన్న సంఖ్య వస్తే దాచేయండి.

చట్టంలో లేని మాట ఇంకోటి. "బకాయిల హాట్‌స్పాట్" అని ఎర్ర మ్యాప్ ఒకటి తయారైతే, అది సాయం చేసే టీం దగ్గర ఆగదు. ఈమెయిల్లో అతికించి అందరికీ వెళ్తుంది. ఆ తర్వాత ఆ వీధి నుంచి ఎవరు ఫోన్ చేసినా "ఓ, ఆ వీధా" అంటారు. నేను విన్నాను కాబట్టి చెప్తున్నా.

టైన్_ఒడ్డు

నిజం. మేం అందుకే రంగుల పట్టీ మార్చాం. బకాయి ఎంతుందో చూపించం, మన మనిషి వెళ్లి ఎన్ని రోజులైందో చూపిస్తాం. ఎర్రగా ఉంటే తప్పు మనది, వీధిది కాదు.

పెన్నా_గట్టు

ఇది చాలా బాగుంది, దొంగిలిస్తున్నా.

నిన్న ఆఫీసులో ఒక పని చేశాను. యూపీఆర్‌ఎన్ కలిసినంత వరకు చెమ్మ ఫిర్యాదులు మ్యాప్ మీద పెట్టాను. ఒక పాత టెర్రస్ ఇళ్ల (గోడలు కలిసి వరసగా ఉండే ఇళ్లు) ప్రాంతం ఉంది. ఒంటి ఇటుక గోడలు, ఎనర్జీ సర్టిఫికెట్లు చూస్తే చాలావరకు 'ఈ', 'ఎఫ్' గ్రేడులే, అంటే వెచ్చదనం నిలవని ఇళ్లు. అక్కడ కిక్కిరిసి ఉండాల్సిన చుక్కలు ఒకటి రెండే ఉన్నాయి. పక్కనే కొత్త ఇళ్ల కాలనీలో బోలెడు. మేనేజర్ "చూశావా, పాత ఇళ్లే నయం" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మాంచెస్టర్_అక్క

నమ్మకు! అదే మొత్తం మ్యాప్‌లో ముఖ్యమైన చోటు.

ఫిర్యాదుల మ్యాప్ చూపించేది చెమ్మని కాదు, ఫోన్లని. ఆ టెర్రస్ ఇళ్లల్లో ఎవరుంటున్నారో చూడు. ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్లా? "కంప్లైంట్ చేస్తే ఖాళీ చేయిస్తారేమో" అని భయపడేవాళ్లా? మూడుసార్లు చేసి విసిగి ఊరుకున్నవాళ్లా? మన తెలుగువాళ్లనే చూడు, వచ్చిన కొత్తలో ఇంటి ఓనరుకి ఫోన్ చేయాలంటే ఎంత ఆలోచిస్తాం.

అందుకే ఫిర్యాదులొక్కటే పెట్టకు. ఇల్లు ఎలాంటిదో చెప్పే లేయర్ ఇంకోటి వెయ్యి: కట్టిన కాలం, గోడ రకం, ఎనర్జీ రేటింగు, బాయిలర్ (ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ యంత్రం) వయసు, ఇంట్లో ఎంతమంది. చెమ్మ రావాల్సిన ఇళ్లు ఏవో దాన్నుంచి తేలతాయి. రావాల్సిన చోట ఫోన్లు రాకపోతే, ముందు తట్టాల్సిన తలుపు అది. చట్టం గడువు మొదలయ్యేది మనకి తెలిసినప్పటి నుంచే కాబట్టి తెలుసుకోకపోతే హాయి అనుకునే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ల మాట వినకు. 2024 ఏప్రిల్ నుంచి సోషల్ హౌసింగ్ రెగ్యులేటర్ (ఈ సంస్థల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) తనిఖీలు కూడా మొదలయ్యాయి. వెయ్యికి పైగా ఇళ్లున్న సంస్థలకి నాలుగేళ్లకోసారి వస్తారు. మీ ఇళ్ల పరిస్థితి మీకు నిజంగా తెలుసా అన్నది వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి.

ఎక్సెల్_రావు

ఇది పూర్తిగా ఒప్పుకుంటున్నా. సార్ట్ చేస్తే సున్నాలు అడుగుకి పోతాయి, అడుగుదాకా ఎవరూ స్క్రోల్ చేయరు.

కొత్తగా_వచ్చా (లీడ్స్)

హాయ్ అన్నలూ అక్కలూ, ఎంఎస్సీ డేటా సైన్స్ చేస్తున్నా. ఈ ఫీల్డులో స్పాన్సర్‌షిప్ దొరుకుతుందా? పవర్ బీఐ వచ్చు.

మోడరేటర్

ఉద్యోగాల విభాగంలో వేరే థ్రెడ్ తెరిచి పెట్టాను తమ్ముడూ, అక్కడ అడుగు.

గృహనిర్మాణం_ఏఈ

ఆ సున్నాల మాట మా దగ్గరా అంతే అమ్మా. గ్రీవెన్స్‌లో అర్జీ రాని ఊరు బాగున్నట్టు కాదు. చాలాసార్లు అక్కడ అర్జీ రాసిపెట్టే మనిషి లేడని అర్థం.

పెన్నా_గట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. మేనేజర్‌తో మాట్లాడాను. బోర్డుకి మ్యాప్ ఇప్పట్లో లేదని ఒప్పించాను. ముందు అడ్రసులు కలుపుతాం. కలవని ఇళ్లని ఒక పక్కకి తోసేయకుండా వాటి లిస్టు విడిగా సర్వేయర్లకి ఇస్తాం. ఆ టెర్రస్ ఇళ్లకి ఫిర్యాదు లేకపోయినా బాయిలర్ గ్యాస్ చెక్‌కి ఏడాదికోసారి మనిషి ఎలాగూ వెళ్తాడు. అతని ఫారంలో చెమ్మ ప్రశ్న ఒకటి పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు. డీపీఐఏ ఎవరు రాయాలన్న దగ్గర మాత్రం రెండు టీములూ ఒకరి వైపు ఒకరు చూసుకుంటున్నాయి.

డీపీఓ_దోస్త్

నువ్వే మొదటి డ్రాఫ్టు రాసి వాళ్ల ముందు పెట్టు. ఖాళీ ఫారం ఎవరూ నింపరు, నింపినదానికి తప్పులు మాత్రం అందరూ పడతారు. డీఎం చేయి, ఖాళీ నమూనా పంపిస్తా.

మాంచెస్టర్_అక్క

గ్యాస్ చెక్ ఐడియా బాగుంది. ప్రశ్న "చెమ్మ ఉందా" అని పెట్టకండి, అందరూ "లేదు" అని టిక్ పెట్టి వెళ్లిపోతారు. "ఏ గదిలో, ఏ గోడ, ఒక ఫోటో" అని పెట్టండి. లేకపోతే లేదని చూపించడానికి కూడా ఫోటో తీయమనండి. ఇంకోటి, అతను చెమ్మ రాసిన క్షణం నుంచి మీ సంస్థకి తెలిసినట్టే, 10 రోజుల లెక్క అప్పుడే మొదలవుతుంది. ఆ ఫారం సాయంత్రానికల్లా మరమ్మతుల టీంకి చేరే ఏర్పాటు ముందు చూసుకుని, ఆ తర్వాతే ప్రశ్న పెట్టండి.